పంకా తిప్పిన చెయ్యి

పసుపు తవ్వకాలు దగ్గరపడ్డాయంటే మా ఊళ్ళో కొలిమి రాత్రి తొమ్మిదింటి దాకా ఆరేది కాదు. ఆర్మూర్ నుంచి మెట్‌పల్లి పోయే రోడ్డుకి కొంచెం లోపలికి ఉంటుంది మా ఊరు. 1984, 85 నాటి మాట. బడి నుంచి రాగానే నాయిన నా భుజాన ఒక గడ్డపార పెట్టి "కమ్మరి తాతకిచ్చి రాపో" అనేవాడు. నేను ఇచ్చేవాణ్ణి గానీ వచ్చేవాణ్ణి కాదు. పంకా తిప్పే ఛాన్సు వదులుకుని ఇంటికొచ్చి ఎక్కాలు వల్లెవేసే పిల్లాడు ఎవడుంటాడు?

తోలుతిత్తులు అప్పటికే మూలపడ్డాయి. పంకా అంటే చేత్తో తిప్పే ఇనుప చక్రం, దానికో బెల్టు, బెల్టు అవతల డబ్బాలో రెక్కలు. మెల్లగా తిప్పితే బొగ్గులు ఎర్రగా, గట్టిగా తిప్పితే తెల్లగా మండేవి. తాత ఎక్కువ మాట్లాడేవాడు కాదు. గడ్డం పైకెత్తితే గాలి పెంచాలి, కిందికి దించితే తగ్గించాలి. ఆయన గడ్డం వైపు చూస్తూ తిప్పడమే మా పని. మా క్లాసు పిల్లలం ముగ్గురం ఆ పిడి కోసం కొట్టుకునేవాళ్ళం.

కొడవళ్ళకి కక్కు కొట్టడం, కర్రులు సాగగొట్టడం రోజూ ఉండేవే. అసలు మజా గొడ్డలికి ఉక్కు వేసే రోజున. గొడ్డలి అంచు అరిగిపోతే ఎవరూ పారేసేవాళ్ళు కాదు. తాత దాని నోరు చీల్చి, లారీ కమాను పట్టీలోంచి కోసిన ముక్కని అందులో దూర్చి కొలిమిలో పెట్టేవాడు. కాసేపటికి బయటికి లాగి, పక్కన డబ్బాలోంచి వాగు ఇసుక గుప్పెడు తీసి దాని మీద చల్లేవాడు. ఇసుక కరిగి ఇనుము మీద గాజులా మెరిసేది. మళ్ళీ కొలిమిలోకి. ఇంకాసేపటికి కాకరపువ్వొత్తిలా తెల్లటి రవ్వలు లేచేవి. అప్పుడు దాగలి మీద పెట్టి మొదటి దెబ్బ వేసేవాడు. సమ్మెటతో కాదు, చిన్న సుత్తితో, నిద్రపోతున్న పసిపిల్లని తట్టినంత మెల్లగా. అవతల కొడుకు సమ్మెట ఎత్తి రెడీగా ఉంటే కళ్ళతోనే ఆగమనేవాడు.

"ఎందుకు తాతా అంత మెల్లగ?" అని ఒకసారి అడిగాను.

"ఇప్పుడది ఇనుము గాదు బిడ్డా, పాలకోవ. గట్టిగ కొడితే చిందుతది" అన్నాడు.

ఇనుము పాలకోవ ఎట్లా అవుతుందని ఇంటికొచ్చి అమ్మకి చెప్పి నవ్వాను.

తర్వాత నేను పాలిటెక్నిక్ చదవడం, హైదరాబాద్ రావడం, బాలానగర్‌లో ఒక చిన్న కంపెనీ టూల్‌రూమ్‌లో చేరడం జరిగిపోయాయి. తాత కొడుకు వెల్డర్‌గా దుబాయ్ వెళ్ళాడు. మా వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్నవాళ్ళే. ట్రాక్టర్లు వచ్చాయి, రెడీమేడ్ గొడ్డళ్ళు వచ్చాయి, కొలిమి ఆరింది. నేను పట్టించుకోలేదు, అబద్ధమెందుకు.

2013లో ఒక రాత్రి నిద్రపట్టక ఫోన్ తిప్పుతుంటే ఒక వీడియో తగిలింది. ఎవరో అమెరికన్, రెండు రకాల ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కాల్చి, కొట్టి ఒకే దిమ్మ చేశాడు. దాన్ని సాగగొట్టి, ముక్కలు కోసి, మళ్ళీ పేర్చి, మళ్ళీ అతికాడు. అట్లా రెండుమూడు సార్లు. చివరికి కత్తి చేసి ఏదో ద్రావకంలో ముంచి తీస్తే దాని ఒంటి మీద వాగు నీళ్ళ మీది అలల్లా గీతలు తేలాయి. నాలుగు రోజులు నాకు ఆఫీసులో పని మీద ధ్యాస లేదు.

ఈ వీడియోలవాళ్ళంతా ఈ గీతల ఉక్కుని డమాస్కస్ అంటారు. ఆ పేరు మీద నాకు ఇప్పటికీ కొంచెం గుర్రు. డమాస్కస్ కత్తులకి అసలు పేరు తెచ్చింది మన దేశం నుంచి పోయిన ఉక్కు. దాన్ని మూసలో, అంటే వేడికి తట్టుకునే మట్టి పాత్రలో, కరిగించి తీసేవాళ్ళు. అది ఒకే ముద్ద. చల్లారేటప్పుడు, తర్వాత కాల్చి సాగగొట్టేటప్పుడు దాని లోపల నుంచే గీతలు పుడతాయి. వీడియోలో చూసింది వేరు, అది రెండు ఉక్కుల్ని పొరలుగా అతికి మనిషి పుట్టించే గీత. పొరల ఉక్కు అందాం. యూరప్‌లో వెయ్యేళ్ళకి పైబడిన కత్తుల్లోనూ ఉంది. ఇంగ్లండ్‌లో సటన్ హూ సమాధిలో దొరికిన 7వ శతాబ్దపు కత్తి ఇట్లాంటిదే. ఆ విద్య మరుగున పడిపోయి ఉంటే, 1973లో విలియం మొరాన్ అనే అమెరికన్ తను చేసిన పొరల కత్తుల్ని ఒక ప్రదర్శనకి తీసుకెళ్ళాక అక్కడ మళ్ళీ ఊపందుకుంది.

నాకు గురువు లేడు. ఆఫీసులో వాళ్ళు ఏకలవ్యుడని వెక్కిరించేవాళ్ళు. ఏకలవ్యుడికి కనీసం మట్టి ద్రోణుడైనా ఉన్నాడు, నాకున్నది పగిలిన ఫోన్ స్క్రీన్.

మియాపూర్ అవతల ఒక స్నేహితుడికి ఖాళీ షెడ్డు ఉంటే ఆదివారాలకి అడుక్కున్నాను. లారీ బ్రేక్ డ్రమ్ముని కొలిమి చేశాను. గాలికి కరెంటు బ్లోయర్. దాగలి కొనే స్తోమత లేదు. పాత ఇనుము దుకాణంలో 40 కిలోల గుండ్రటి షాఫ్టు ముక్క దొరికితే దాన్ని నిలువుగా సిమెంటులో పాతాను. కత్తి కొట్టడానికి పిడికిలంత జాగా చాలు. ముక్కుతో ఉండే పెద్ద దాగలి లేకపోతే పని జరగదనేది ఉత్త మాట.

మొదటి నెలలోనే ఒక పెద్ద తప్పు చేశాను. పట్టీలు కదలకుండా కట్టడానికి చేతికందిన జీఐ తీగ వాడాను. దాని మీద జింకు పూత ఉంటుంది, కాలితే తెల్లటి పొగ. షెడ్డు తలుపు దగ్గరికి వేసి ఉంది. ఆ రాత్రి దుప్పటి కప్పుకున్నా ఆగని చలిజ్వరం. మా ఆవిడ మలేరియా అనుకుంది. తెల్లారేసరికి తగ్గింది గానీ, ఇంట్లో నా కొలిమికి అప్పటి నుంచే చెడ్డపేరు.

అతుకు మాత్రం పడటం లేదు. మెత్తటి ఇనుము నాలుగు పట్టీలు, కమాను పట్టీ మూడు, గ్రైండర్‌తో తళతళలాడేట్టు తోమి పేర్చేవాణ్ణి. ఇసుక బదులు వెలిగారం. కంసాలులు వాడేదే, వనమూలికల దుకాణంలో దొరుకుతుంది. ఎర్రగా కాలిన ఇనుము మీద చల్లితే ముందు పేలాల్లా ఉబ్బుతుంది, తర్వాత బెల్లం పాకంలా పొర్లి సందుల్లోకి దిగుతుంది. ఇనుము మీద తుప్పు పొర కట్టకుండా కాపాడటం, కట్టిన దాన్ని కరిగించి బయటికి తోయడం దాని పని. అన్నీ వీడియోలో చెప్పినట్టే చేశాను. నిమ్మపండు రంగుకి కాల్చి, బయటికి తీసి, ఉన్న బలమంతా పెట్టి బాదాను. చూడటానికి అతికినట్టే ఉండేది. రెండోసారి కాల్చి పక్కకి తిప్పి కొట్టగానే మడత కాజాలా పొరపొర విచ్చుకునేది. ఒకటి కాదు, పదకొండు దిమ్మలు. తుక్కువాడు వారం వారం వచ్చి పట్టుకుపోయేవాడు, "ఏం కంపెనీ సార్ మీది?" అని అడిగాడు కూడా.

పన్నెండో దిమ్మ రోజున కరెంటు పోయింది. బ్లోయర్ ఆగింది. కొలిమిలో ఇనుము ఉంది, బొగ్గు ఉంది, గాలి లేదు. అంతకు ముందు నెల జుమ్మేరాత్ బజార్‌లో మోజుపడి కొన్న చేతి పంకా ఒకటి మూలన పడి ఉంటే తెచ్చి తగిలించి తిప్పడం మొదలుపెట్టాను. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత. రంగు పసుపుకి వస్తుండగా నా చెయ్యి దానంతటదే నెమ్మదించింది. ఎందుకు నెమ్మదించిందో నాకు అర్థం కాలేదు. కాసేపటికి తాత గడ్డం గుర్తొచ్చింది. అతికే ముందు ఆయన ఎప్పుడూ గడ్డం దించేవాడు. గాలి తగ్గించు అని. ఆ వయసులో అది ఎందుకో తెలియదు, దించితే తగ్గించేవాణ్ణి, అంతే.

అక్కడే కూర్చుండిపోయాను. బ్లోయర్ ఎప్పుడూ ఫుల్ స్పీడ్‌లో పెట్టేవాణ్ణి నేను. గాలి ఎక్కువైతే బొగ్గు వాడుకోగా మిగిలిన ఆక్సిజన్ ఇనుము మీద పడుతుంది. పైన నల్లటి పెచ్చు కడుతుంది. పెచ్చుకీ పెచ్చుకీ మధ్య అతుకు ఎక్కడ పడుతుంది? మంట లోతుగా, గాలి తక్కువగా ఉంటే ఆ బాధ తగ్గుతుంది. మెటలర్జీ పేపర్‌లో మంచి మార్కులే వచ్చాయి నాకు. ఆ ముక్క చదివి పాసయ్యాను కూడా.

గాలి తగ్గించాను. దిమ్మ ఒళ్ళంతా నెయ్యి పూసినట్టు తడితడిగా మెరుస్తోంది. బయటికి తీసి చిన్న సుత్తితో తట్టాను. పాలకోవ. రెండో తట్టుకి సందుల్లోంచి కరిగిన వెలిగారం పిచికారీలా చిమ్మి ముంజేతి మీద పడింది, ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. మొదట్లో దబ్ దబ్ అని బోలుగా పలికిన దిమ్మ నాలుగైదు దెబ్బలకి గట్టిపడి ఖంగుమంది. పక్కకి తిప్పి కొట్టాను. విచ్చుకోలేదు. మళ్ళీ కాల్చి కొట్టాను. విచ్చుకోలేదు. షెడ్డులో ఒక్కణ్ణే, చీకటి, ఒళ్ళంతా మసి. ఎవరికైనా ఫోన్ చేద్దామంటే ఎవరికి చెయ్యాలో తెలియలేదు.

అయితే తాత చేసిందల్లా చేస్తే సరిపోతుందనుకుని రెండుసార్లు దెబ్బతిన్నాను, అది కూడా చెప్పాలి. ఆయన రవ్వలు లేచేదాకా కాల్చేవాడు, గొడ్డలి మెత్తటి ఇనుము కాబట్టి చెల్లింది. కార్బన్ ఎక్కువున్న ఉక్కు రవ్వలు చిమ్మిందంటే కాలిపోయినట్టే. ఆయన నీళ్ళలో ముంచేవాడు. నేనూ మంచి కత్తి ఒకటి, మూడు ఆదివారాలు కష్టపడ్డది, ఎర్రగా కాల్చి బకెట్ నీళ్ళలో దించాను. "టింగ్" అని చిన్న చప్పుడు. పైకి తీస్తే అంచు నుంచి వీపు దాకా వెంట్రుక మందం బీట. కత్తులు చేసేవాళ్ళకి ఆ టింగ్ ఎంత భయమో ఆ రోజు తెలిసింది. అప్పటి నుంచి గోరువెచ్చటి పల్లినూనె. షెడ్డంతా మిర్చి బజ్జీల బండి వాసన.

ఇంకో భ్రమ కూడా పోయింది. మెత్తటి ఇనుము, గట్టి ఉక్కు పొరలుగా వేస్తే కత్తికి రెండు గుణాలూ వస్తాయని అనుకునేవాణ్ణి. నిజానికి అతికే వేడిలో, అంటే సుమారు 1,250 డిగ్రీల దగ్గర, కార్బన్ పొర నుంచి పొరకి పాకి నిమిషాల్లో దాదాపు సమానమైపోతుంది. పాలు నీళ్ళు కలిసినట్టే. నా మొదటి కత్తులు వంకాయని కూడా బతిమాలి కొయ్యాల్సి వచ్చింది ఇందుకే. రెండు పొరల్లోనూ కార్బన్ బాగా ఉండాలి, తేడా నికెల్‌లో ఉండాలి. నికెల్ మాత్రం తన పొర దాటి పోదు, ద్రావకంలో ఆ పొరే తెల్లటి గీతగా మిగులుతుంది. ఒక పట్టీ 1095 అనే రకం ఉక్కు, అందులో కార్బన్ సుమారు 0.95 శాతం. రెండోది 15ఎన్20 అనే రకం, అందులో నికెల్ సుమారు 2 శాతం. ఈ రెండోది దొరక్క కోత మిల్లుల చుట్టూ తిరిగాను. దుంగలు కోసే బ్యాండ్‌సా బ్లేడుల్లో కొన్ని ఈ జాతివే. చిన్న ముక్క కోసి ద్రావకంలో ముంచి, తెల్లగా మిగిలితే కొనడం.

13 పట్టీలతో మొదలు. సాగగొట్టి నాలుగు ముక్కలు చేస్తే 52, మళ్ళీ నాలుగు చేస్తే 208. రెండు కిలోలు పెడితే చేతికి మిగిలేది కిలోంబావు, మిగతాదంతా పెచ్చులుగా రాలిపోయి షెడ్డు నేల మీద ఉంటుంది. దిమ్మని మెలితిప్పితే నక్షత్రాల్లాంటి గీతలు, గాట్లు పెట్టి అణగ్గొడితే నిచ్చెన మెట్లు, గుంటలు తొలిచి అణగ్గొడితే వాన చినుకులు. నాకు మాత్రం ఏ వేషమూ వెయ్యకుండా సుత్తి ఎట్లా పోతే అట్లా వచ్చిన గీతలే ఇష్టం.

2015 సంక్రాంతికి ముందు ఒక కత్తి అన్ని గండాలూ దాటింది. అయస్కాంతం అంటుకోవడం మానేసిన తర్వాత ఇంకాస్త కాల్చడం, నూనెలో ముంచడం, ఆకురాయితో గీస్తే జారిపోయేంత గట్టిపడిందో లేదో చూడటం, తర్వాత మా ఆవిడ కేకుల కోసం కొన్న ఓవెన్‌లో 200 డిగ్రీల మీద రెండు గంటలు చొప్పున రెండుసార్లు పెట్టడం. ఎండుగడ్డి రంగు వచ్చింది. తర్వాత నీటికాగితంతో రుద్దుడు, నాలుగు సాయంత్రాలు. అద్దంలా నున్నగా, ఖాళీగా ఉంది. బజార్లో వంద రూపాయల కత్తిలాగే ఉంది.

కోఠీ గుజరాతీ గల్లీలో సర్క్యూట్ బోర్డులకని అమ్మే ఫెర్రిక్ క్లోరైడ్ తెచ్చాను. టీ డికాక్షన్ రంగులో ఉంటుంది. ఒక పాలుకి మూడు పాళ్ళు నీళ్ళు కలిపి, పాత నీళ్ళ పైపు ముక్కలో పోసి, కత్తిని దారంతో వేలాడదీశాను. పది నిమిషాలు. తీసి కుళాయి కింద పెట్టాను. ముందు అంతా బూడిద పట్టినట్టు మసక. బొటనవేలితో తుడుస్తుంటే, మసక కింద నుంచి నల్లటి పొరల మధ్య తెల్లటి గీతలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి, పొద్దున్నే మంచు విడిపోతుంటే పసుపు చేలో గట్లు కనపడ్డట్టు. 208 పొరలూ నేను పెట్టినవే. అయినా ఏ గీత ఎటు పోతుందో నాకు తెలియదు. నీళ్ళు ఆపకుండా చాలాసేపు అట్లాగే నిలబడ్డాను.

పండక్కి ఊరికి తీసుకెళ్ళాను. తాత అప్పటికి ఎనభై దాటాడు. కళ్ళలో పొర, మనుషుల్ని గొంతు బట్టే గుర్తుపడుతున్నాడు. అరుగు మీద కూర్చున్నాడు. చేతికిచ్చి, "తాతా, నేను చేసిన" అన్నాను. కత్తి మీద గీతలు ఆయనకి కనపడవు. గోరుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తర్వాత బొటనవేలి గోరుని వీపు మీద మెల్లగా లాక్కుంటూ పోయి, మధ్యలో ఒకచోట ఆగాడు.

"ఈడ అతుకు పడలే."

నాకు తెలుసు. ఆవగింజలో సగం ఉండే గుంట. ఎవరికీ కనపడదని వదిలేశాను.

"మిగతాదంత మంచిగ పడ్డది" అని తిరిగిచ్చాడు. ఎన్ని పొరలో చెప్పాను. "గన్ని ఎందుకురా?" అన్నాడు. అందానికి అన్నాను. కాసేపు ఆగి, "గొడ్డలికైతే ఒక్కటి చాలు" అన్నాడు. పోయేటప్పుడు, "పంకా మంచిగ తిప్పేటోనివి నువ్వు" అన్నాడు. ఆ వేసవిలోనే పోయాడు.

ఆ ప్రయాణంలోనే కోనసముద్రం వెళ్ళాను. మావాళ్ళు కోనసముందర్ అంటారు. చిన్నప్పుడు జాతరలకి ఆ దారిన ఎన్నిసార్లు పోయామో లెక్కలేదు, ఆగింది లేదు. మూసల్లో ఉక్కు చేసి పారశీక దేశానికి పంపిన ఊరు అది. 19వ శతాబ్దం తొలి భాగంలో హెన్రీ వాయిసీ అనే, సర్వే బృందంలో పనిచేసే డాక్టర్ అక్కడికొచ్చి పని చూసి రాసుకున్నాడు. పారశీకంలోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడొకడు ఉక్కు కొనడానికి అక్కడే మకాం పెట్టి ఉన్నాడట. వాళ్ళు మూసలో వేసేది రెండు రకాల ఇనుమట, ఒక ఊరిది మూడు పాళ్ళు, కొండాపూర్ అనే ఇంకో ఊరిది రెండు పాళ్ళు. అది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. వాళ్ళది కరిగించే పద్ధతి, నాది అతికే పద్ధతి, పోలిక లేదు. అయినా రెండు రకాల ఇనుము అనే మాట ఉంది చూశారూ! ఆ ఉక్కు గుట్టు తెలుసుకుందామని మైకేల్ ఫారడే అంతటివాడు 1819 నుంచి కొన్నేళ్ళు తంటాలు పడ్డాడు. ఆయన తండ్రి కమ్మరి. 1998లో వెర్‌హోవెన్ అనే ప్రొఫెసర్, పెండ్రే అనే కమ్మరి కలిసి, ఆ గీతలకి కారణం ఉక్కులో లేశమాత్రంగా ఉండే వనేడియం లాంటి లోహాలేనని చేసి చూపించారు. ప్రొఫెసర్ పక్కన కమ్మరి పేరు అచ్చులో చూస్తే నాకు భలే తృప్తిగా ఉంటుంది. ఊరి బయట దిబ్బ మీద కరిగించగా మిగిలిన చిట్టెం ముక్కలు నల్లగా గాజులా మెరుస్తూ కనపడ్డాయి. ఒకటి జేబులో వేసుకుని, పది అడుగులు నడిచి, వెనక్కి వచ్చి ఉన్నచోటే పెట్టేశాను.

తర్వాత చాలా చేశాను. అన్నీ వంటింటి కత్తులే. 9 అంగుళాల పొడుగో 2 అంగుళాల వెడల్పో దాటిన పదునైన ఆయుధాల్ని, ఇంటికీ వ్యవసాయానికీ వాడేవి తప్ప, లైసెన్సు లేకుండా చెయ్యడానికి చట్టం ఒప్పుకోదు. అయినా కొందరు "తల్వార్ చేస్తావా అన్నా?" అని ఫోన్ చేస్తారు. పెట్టేస్తాను.

తాతకి చూపించిన ఆ కత్తిని సంక్రాంతికి అమ్మ దగ్గరే వదిలి వచ్చాను. ఆమె జీవితమంతా కత్తిపీట మనిషి, వాడుతుందనుకోలేదు. పది రోజులకి ఫోన్ చేసింది.

"కత్తి మంచిగ తెగుతుంది గని, ఆ మరకలు పోతలెవ్వురా. నిన్న బూడిద పెట్టి, ఇనుప పీచు పెట్టి గట్టిగ తోమిన. ఇప్పుడు పోయినయ్. తళతళ మెరుస్తుంది."

నాకు నోట మాట రాలేదు. మంచి పని చేశావమ్మా అన్నాను, ఇంకేమంటాను? ద్రావకంలో తక్కువసేపు ఉంచిన పాపం నాదే, గీతలు లోతుగా దిగలేదు.

ఏప్రిల్‌లో ఊరికి వెళితే అరుగు మీద గంపెడు మామిడికాయలు పోసుకుని తొక్కుకి ముక్కలు కోస్తోంది. పొద్దున్నుంచి కోస్తున్నట్టుంది, చీర కొంగంతా పుల్లటి వాసన. పక్కన కూర్చుని చూస్తే, పులుపు తగిలి కత్తి నల్లబడింది. నల్లదనంలో నుంచి సన్నగా తెల్లటి గీతలు, మళ్ళీ.

"చూడు, మల్ల మరకలైనయ్" అంది అమ్మ. "కాయలైనంక తోముతా తియ్."